కాఫీ యంత్రం నీళ్ళు లాగనంటే...

(స్త్రీల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పొద్దున్నే కాఫీ పడందే మన ఇళ్ళల్లో ఏ పనీ కదలదు. ఫిల్టర్లో పొడి వేసి, మరిగే నీళ్ళు పోసి, డికాక్షన్ ఎప్పుడు దిగుతుందా అని ఎదురు చూడడం మన అమ్మమ్మల కాలం నుంచీ వున్నదే. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఆ ఫిల్టరు పక్కనే ఒక కొత్త చుట్టం వచ్చి కూర్చుంది. అదేనండీ, పాడ్ కాఫీ మెషిన్. కాఫీ పొడిని చిన్న గిన్నెలాంటి డబ్బీలో పెట్టి సీలు వేసి అమ్ముతారు. దాన్నే పాడ్ అంటారు, కొందరు క్యాప్సూల్ అంటారు. ఆ పాడ్ యంత్రంలో వేసి, మూత మూసి, మీట నొక్కితే అర నిమిషంలో నురగతో సహా కాఫీ కప్పులోకి దిగుతుంది. గిన్నెలు తోమే పని లేదు, పొంగుతుందన్న బెంగ లేదు.

బాగానే వుంది. కాని ఒకరోజు పొద్దున్నే అది గుర్రుమని అరుస్తూ, చుక్క నీళ్ళు కూడా రాల్చకుండా కూర్చుంటే ఏం చేస్తాం? ఆ సంగతే ఇవాళ మీతో ముచ్చటించాలని వచ్చాను. నేను ఇంజనీరును కాను సుమండీ. మీలాగే ఇల్లు చక్కబెట్టుకునేదాన్ని. ఒకసారి చేతులు కాల్చుకుని నేర్చుకున్నదాన్ని, అంతే.

మా అమ్మాయి ఉద్యోగంలో చేరి, మొదటి జీతంతో మాకు ఆ యంత్రం కొనిపెట్టింది. "అమ్మా, పొద్దున్నే నువ్వు నిలబడి కాఫీలు కలిపే పని తప్పుతుంది" అంది. ఫిల్టరు కాఫీ మానేశానని అబద్ధం చెప్పను గాని, మధ్యాహ్నం పూట దానితో కాఫీ తీసుకుని కూర్చోవడం నాకూ అలవాటైపోయింది. ఇంతలో మా అమ్మకు ఒంట్లో బాగుండలేదని కబురొస్తే ఊరికి వెళ్ళాను. రెండు నెలలు అక్కడే వుండిపోవలసి వచ్చింది. తిరిగి వచ్చి, టాంకు నింపి, పాడ్ వేసి మీట నొక్కాను. పెద్ద చప్పుడు. నీళ్ళు మాత్రం రాలేదు. మళ్ళీ నొక్కాను. అదే చప్పుడు.

మేము లేనప్పుడు మొక్కలకు నీళ్ళు పోసి, ఇల్లు తుడిచి వెళ్ళమని మా ఇంట్లో పనిచేసే ఆమెకు తాళాలు ఇచ్చి వెళ్ళాను. ఆమె భర్త మా అపార్టుమెంటుకే వాచ్‌మన్. ఆమె రాగానే అడిగాను. "తుడిచేటప్పుడు దీన్ని కదిపావా? ఎక్కడైనా కింద పడేశావా?" అని. "నేను ముట్టనే ముట్టలేదమ్మా" అంది. "ముట్టుకోకుండానే పాడవుతుందా?" అన్నాను నేను. ఆమె ఇంకేమీ అనలేదు. తలవంచుకుని గిన్నెలు తోముకుని వెళ్ళిపోయింది.

ఫోనులో అడిగితే ఒక మెకానిక్ యంత్రాన్ని చూడకుండానే "పంపు పోయి వుంటుందండీ" అన్నాడు. కొత్త పంపు వేసినందుకు అతను చెప్పిన ఖర్చు వింటే దాదాపు సగం యంత్రం ఖరీదు. మా వారు "పారేసి హాయిగా ఫిల్టరు కాఫీ తాగుదాం" అన్నారు. పండక్కి అమ్మాయి వచ్చి మొట్టమొదట చూసేది దాన్నేనని నాకు తెలుసు. పారేయడానికి మనసొప్పలేదు.

మూడో రోజు మళ్ళీ మీట నొక్కి చూస్తున్నాను. అప్పుడే మా పనిచేసే ఆమె లోపలికి వచ్చింది. ఆ చప్పుడు విని ఒక్క నిమిషం నిలబడి, "అమ్మా, కింద సంపు మోటారు గాలి పట్టుకుంటే గిట్లనే మొత్తుకుంటది. మా ఆయన పైపుల నీళ్ళు పోసి, అప్పుడు చాలూ చేస్తడు. దీనికి గూడ గాలే పట్టిందేమో" అంది.

నేను ఆమె ముఖం వంక చూస్తూ వుండిపోయాను. ఎందుకంటే అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఊరికి వెళ్ళే హడావుడిలో ఆఖరి కప్పు కాఫీ తీసుకున్నది నేనే. టాంకులో నీళ్ళు అయిపోయి, యంత్రం బరబరమంటూ వుండగా స్విచ్చి తీసేసి, టాంకు కడిగి బోర్లించి వెళ్ళింది కూడా నేనే. శుభ్రంగా వుంచి వెళ్ళాననుకున్నాను. గాలి పట్టేలా చేసి వెళ్ళానని తెలియలేదు.

నీళ్ళు ఎలా ప్రయాణిస్తాయి?

ఇక అసలు విషయానికి వస్తాను. యంత్రం పాడైందని కంగారు పడేముందు, నీళ్ళు అందులో ఏ దారిన వెళతాయో తెలుసుకుంటే సగం భయం పోతుంది.

వెనక వుండే టాంకులో మనం నీళ్ళు పోస్తాం. టాంకు అడుగున స్ప్రింగుతో పనిచేసే చిన్న కవాటం వుంటుంది. టాంకును పైకి తీస్తే అది మూసుకుంటుంది, అందుకే నీళ్ళు కారవు. తిరిగి గద్దె మీద కూర్చోబెడితే తెరుచుకుంటుంది. అక్కడినుంచి నీళ్ళు సన్నని గొట్టం ద్వారా వెళతాయి. చాలా యంత్రాల్లో ఎన్ని నీళ్ళు పోతున్నాయో లెక్కపెట్టే చిన్న చక్రం కూడా దారిలో వుంటుంది. ఆ తరువాత పంపు. ఆ తరువాత నీళ్ళను వేడిచేసే దిమ్మ. చివరకు పాడ్ వుండే అర. అక్కడ సూదుల వంటి మొనలు పాడ్‌ను పొడిచి, వేడి నీళ్ళను లోపలికి తోస్తాయి. కాఫీ రెండోవైపు నుంచి కప్పులోకి దిగుతుంది.

ఆ పంపు సంగతి కొంచెం చెప్పాలి. మన సంపు మోటారులో లాగా ఇందులో తిరిగే చక్రం వుండదు. ఒక తీగచుట్ట, దాని మధ్యన ఇనుప కడ్డీ, ఒక స్ప్రింగు వుంటాయి. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది కదా, ఆ లెక్కన కడ్డీ సెకనుకు 50 సార్లు, అంటే నిమిషానికి 3000 సార్లు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. మనకు వినిపించే గుర్రుమనే చప్పుడు అదే. ఇలాంటి పంపులకు 15 బార్లు, 19 బార్లు అని డబ్బా మీద వేస్తారు. మన ప్రెషర్ కుక్కర్ వెయిట్ లేచేది సుమారు ఒక బారు దగ్గరే. దీన్నిబట్టి లోపల ఎంత ఒత్తిడి వుంటుందో మీరే ఊహించండి.

ఇంత బలమున్న పంపుకూ ఒక బలహీనత వుంది. అది నీళ్ళను తోయగలదు గాని, గాలిని అంతగా తోయలేదు. నీళ్ళయితే నొక్కితే నలగవు, ముందుకు పోతాయి. గాలి నలుగుతుంది, మళ్ళీ ఉబ్బుతుంది. కడ్డీ ఎంత కొట్టుకున్నా గాలి అక్కడక్కడే వుంటుంది. చిన్నప్పుడు మా పెరట్లో చేతిపంపు వుండేది. నాలుగు రోజులు కొట్టకపోతే పట్టు వదిలేసేది. అప్పుడు పైనుంచి చెంబెడు నీళ్ళు పోసి కొడితే గాని అందుకునేది కాదు. ఇదీ అంతే.

ఈ పద్ధతి నిన్నా మొన్నటిది కాదు. ఒత్తిడితో కాఫీ దింపే యంత్రానికి 1901లో ఇటలీ దేశంలోని మిలాన్ నగరంలో లుయీజీ బెజ్జెరా అనే ఆయన పేటెంటు తీసుకున్నారు. అది ఆవిరి ఒత్తిడితో పనిచేసేది. 1961లో ఫాయెమా కంపెనీ ఇ61 అనే హోటలు యంత్రంలో విద్యుత్ పంపు పెట్టింది. నెస్లే కంపెనీలో ఇంజనీరు ఎరిక్ ఫావ్ర్ 1976లో పాడ్ పద్ధతికి పేటెంటు సంపాదించారు. 1986లో నెస్‌ప్రెస్సో పేరుతో అది అమ్మకానికి వచ్చింది. అంటే మన వంటింటికి చేరేలోగా ఎన్నో చేతులు మారింది.

ముందు చెవి, తరువాత చెయ్యి

యంత్రం మొరాయించినప్పుడు మొదట చేయవలసింది వినడం. మీట నొక్కినా ఏ చప్పుడూ లేదనుకోండి. అది కరెంటుకు సంబంధించిన విషయం. ప్లగ్గు, స్విచ్చి, దీపం వెలిగిందా లేదా చూడాలి. పెద్దగా, ఖాళీ డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు చప్పుడు వస్తోందనుకోండి. పంపు పనిచేస్తోంది గాని దానికి నీళ్ళు అందడం లేదని అర్థం. చప్పుడు బరువుగా, అణిగినట్టుగా వుండి నీళ్ళు రావడం లేదనుకోండి. నీళ్ళు పంపు దాకా వచ్చాయి, అవతల ఎక్కడో దారి మూసుకుపోయిందని అర్థం. ఈ మూడు తేడాలూ గుర్తుపెట్టుకుంటే చాలు, వెతికే చోటు తెలిసిపోతుంది.

చేయి పెట్టేముందు రెండు జాగ్రత్తలు. యంత్రం నడుస్తుండగా, ఆపిన మరుక్షణంలో పాడ్ అర మూత ఎత్తకండి. కుక్కర్ ఆవిరి పోకుండా మూత తీస్తామా? ఇదీ అంతే. లోపల కాలిపోయేంత వేడినీళ్ళు ఒత్తిడిలో వుంటాయి. ఆపి, కొన్ని నిమిషాలు చల్లారనివ్వండి. రెండోది, ఏ భాగాన్నయినా తుడిచేటప్పుడు, గుచ్చేటప్పుడు ప్లగ్గు గోడనుంచి పీకేయండి. స్విచ్చి ఆపితే చాలదు.

మొదటి పరీక్ష: టాంకు

నవ్వకండి. సగం తగాదాలు ఇక్కడే వుంటాయి. టాంకులో కనీస గీత దాకా అయినా నీళ్ళున్నాయా? టాంకు గద్దె మీద సరిగా కూర్చుందా? తుడిచేటప్పుడు ఒక వెంట్రుకవాసి జరిగినా కవాటం తెరుచుకోదు. టాంకు తీసి, అడుగున వున్న కవాటాన్ని వేలితో నొక్కి చూడండి. లోపలికి పోయి, వదలగానే పైకి రావాలి. కొన్నాళ్ళు ఎండిపోయి వుంటే అది బిగుసుకుపోతుంది. గోరువెచ్చని నీళ్ళల్లో కాసేపు నానబెట్టి, నాలుగైదుసార్లు నొక్కితే వదులవుతుంది. మా యంత్రానికి గాలి పట్టడమే కాకుండా ఈ జబ్బు కూడా కొంత వుంది.

టాంకు అడుగున గాని, గద్దె మీద గొట్టం మొదట్లో గాని చిన్న జల్లెడ వుంటే, దాని మీద నాచు, పొలుసు, దుమ్ము చేరిందేమో చూడండి. పాత పళ్ళ బ్రష్షుతో మెల్లగా తోమి కడగండి. కొన్ని టాంకుల్లో నీటి మట్టం చెప్పే చిన్న తేలుడు బిళ్ళ వుంటుంది. అది అడుగున ఇరుక్కుపోతే, టాంకు నిండా నీళ్ళున్నా యంత్రం లేవనుకుంటుంది. దాన్ని కదిపి విడిపించండి.

రెండో పరీక్ష: పాడ్ లేకుండా

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష. మూత ఎత్తి, లోపల పాత పాడ్ ఇరుక్కుని వుందేమో చూడండి. వాడిన పాడ్‌లు పడే డబ్బా నిండిపోతే, కొత్తది కిందికి పడక అడ్డం పడుతుంది. డబ్బా ఖాళీ చేయండి. పాడ్ వేయకుండా మూత మూసి, కింద పెద్ద కప్పు పెట్టి, మీట నొక్కండి.

వేడినీళ్ళు ధారగా వచ్చాయా? అయితే మీ యంత్రానికి ఏ రోగమూ లేదు. దోషం పాడ్‌ది గాని, దాన్ని పొడిచే సూదులది గాని. నీళ్ళు చుక్కచుక్కగా వస్తున్నాయా? దారిలో మడ్డి గాని సున్నం గాని అడ్డుంది. అసలే రాకుండా ఎండు చప్పుడు వస్తోందా? గాలి పట్టింది. ఇప్పుడు ఒక్కొక్కదానికీ మందు చెబుతాను.

గాలి పడితే

టాంకు నిండా నీళ్ళు పోసి, గట్టిగా కూర్చోబెట్టండి. పాడ్ వేయకండి. పెద్ద కప్పు మీట నొక్కి, యంత్రం నడుస్తుండగా టాంకును ఒక అంగుళం పైకెత్తి మళ్ళీ కూర్చోబెట్టండి. ఇలా రెండు మూడుసార్లు చేయండి. టాంకులోకి బుడగలు పైకి వచ్చాయంటే గాలి వదులుతోందన్నమాట. చప్పుడు కూడా గరగరమని వున్నది మెల్లగా అణుగుతుంది. తరువాత నీళ్ళు ఉమ్మినట్టుగా వచ్చి, ఆ పైన ధారగా సాగుతాయి.

ఒక్కసారికే రాకపోతే నిరాశ పడకండి. కాని ఆపకుండా నొక్కుతూ కూర్చోవద్దు. ఆ పంపు నీళ్ళతోనే చల్లబడుతుంది. నీళ్ళు లేకుండా తిప్పితే వేడెక్కి చెడిపోతుంది. అర నిమిషం నడిపి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ నడపండి. నాలుగైదుసార్లు ప్రయత్నించండి. పాల నురగ గొట్టం, వేడినీళ్ళ కుళాయి వున్న యంత్రమైతే దాన్ని తెరిచి నడపండి. గాలి పోవడానికి ఆ దారి సులువు.

అప్పటికీ లొంగకపోతే మందుల షాపులో సూది లేని సిరంజి ఒకటి కొనుక్కోండి. యంత్రం ప్లగ్గు పీకేసి, టాంకు తీసేసి, గద్దె మీద నీళ్ళు పోయే రంధ్రంలో సిరంజి మూతి ఆనించి, నీళ్ళను మెల్లగా లోపలికి తోయండి. పది మిల్లీలీటర్లు చాలు. చుట్టూ ఒలికిన తడిని పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, టాంకు పెట్టి, అప్పుడు ప్లగ్గు పెట్టి నడపండి. చేతిపంపులో చెంబెడు నీళ్ళు పోయడమంటే ఇదే. మాకు పనిచేసింది కూడా ఇదే. రెండోసారికే ధార వచ్చింది.

కొత్త యంత్రం మొదటిరోజే ఇలా చేస్తే దుకాణం వాళ్ళను తిట్టుకోకండి. లోపలి గొట్టాలు ఖాళీగా వుంటాయి కాబట్టి మొదటిసారి నీళ్ళు అందుకోవడానికి కొంతసేపు పడుతుంది. పాడ్ వేయకుండా ముందు నీళ్ళు తిప్పమని పుస్తకంలో రాసేది అందుకే.

సూదులు మూసుకుపోతే

వెనకటి రోజుల్లో పంపు స్టవ్వుకు పిన్ను పెట్టడం మీలో పెద్దవాళ్ళకు జ్ఞాపకం వుండే వుంటుంది. మసి అడ్డం పడితే మంట రాదు, పిన్ను పెట్టి గుచ్చితే నీలంగా వెలుగుతుంది. ఇక్కడ మసికి బదులు కాఫీ మడ్డి. పాడ్‌ను పైనుంచీ కిందనుంచీ పొడిచే బోలు సూదులున్న యంత్రాల్లో ఇది ఎక్కువ. ప్లగ్గు పీకి, యంత్రం చల్లారాక, ఒక పేపర్ క్లిప్పును తిన్నగా చేసి సూది రంధ్రంలో మెల్లగా తిప్పండి. ఆ సూదులు మహా పదునుగా వుంటాయి, వేలు పెట్టి వెతకకండి. తరువాత పాడ్ లేకుండా రెండు కప్పుల నీళ్ళు తిప్పి పారబోయండి.

సూదులు శుభ్రంగా వున్నాయనుకోండి, అప్పుడు పాడ్‌నే అనుమానించాలి. ఒకే పాడ్ అన్ని యంత్రాలకూ పట్టదు. సరిపోయేదేనని అమ్మినా, ప్లాస్టిక్ మెత్తగా వుండి సరిగా తెగకపోవచ్చు. అంచు వంగిన పాడ్ కూడా ఇబ్బందే. వేరే పాడ్ వేసి చూడండి.

సున్నం పట్టితే

నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది చూశారా? గీసరు విప్పినప్పుడు మెకానిక్ చూపించే పెచ్చులు కూడా అవే. నీళ్ళల్లో కరిగివున్న కాల్షియం లవణాలు వేడి తగలగానే సున్నపురాయిగా మారి అంటుకుంటాయి. ఈ యంత్రంలో గొట్టాలు సన్నవి, వేడి ఎక్కువ. అంచేత కొద్దిపాటి పొర కూడా దారి మూసేస్తుంది. కాఫీ మునుపటికన్నా చల్లగా వస్తున్నా, కప్పు నిండడానికి ఎక్కువసేపు పడుతున్నా, చప్పుడు పెరిగినా సున్నం పడుతోందని గ్రహించండి.

తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా వుంటే మంచిదనీ, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చుననీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. బోరునీళ్ళు, టాంకరు నీళ్ళు వాడే అపార్టుమెంట్ల సంగతి మీకు తెలిసిందే. కుళాయి చుట్టూ తెల్లమచ్చలు కడుతున్నాయంటే ఆ నీళ్ళు కాఫీ యంత్రానికి పనికిరావు. తాగడానికి వాడే ఫిల్టరు నీళ్ళే పోయండి.

పట్టిన సున్నాన్ని వదిలించడానికి కంపెనీలు ఒక ద్రావకం అమ్ముతాయి. గ్యారంటీ వున్నన్నాళ్ళూ అదే వాడడం మంచిది. గ్యారంటీ అయిపోయాక, మీ పుస్తకం వద్దనకపోతే, నిమ్మ ఉప్పు వాడుకోవచ్చు. లీటరు నీళ్ళకు రెండు చెంచాలు వేసి, పూర్తిగా కరిగేదాకా కలిపి టాంకులో పోయండి. పాడ్ లేకుండా సగం నీళ్ళు తిప్పి, పదిహేను నిమిషాలు ఆపి, మిగతా సగం తిప్పండి. తరువాత టాంకు కడిగి, మంచినీళ్ళు నింపి, రెండు టాంకుల నీళ్ళు పూర్తిగా తిప్పి పారబోయండి. లేకపోతే మర్నాటి కాఫీ పులుసులా వుంటుంది! గిన్నెలకు బాగా పనిచేస్తుంది కదా అని వెనిగర్ పోయకండి. రబ్బరు వాషర్లు చెడతాయని చాలా కంపెనీలు హెచ్చరిస్తాయి. నిమ్మరసం, చింతపండు రసం అసలే వద్దు. పిప్పి పోయి సన్న గొట్టాల్లో అడ్డం పడుతుంది.

దీపాల భాష

కొన్నిసార్లు యంత్రానికి ఏమీ కాదు, అది మనకోసం ఎదురుచూస్తూ వుంటుంది. సున్నం వదిలించే పని మధ్యలో ఆపేస్తే, అది పూర్తయ్యేదాకా కొన్ని యంత్రాలు కాఫీ ఇవ్వవు. లోపలి నీళ్ళు ఖాళీ చేసే పద్ధతిలో పెడితే, చల్లారేదాకా కదలవు. అప్పుడు దీపాలు మామూలుగా కాక ఏదో వరసలో మిణుకుతాయి. పుస్తకంలో ఆ వరసకు అర్థం రాసి వుంటుంది. కొన్న రోజునే ఆ పుస్తకాన్ని అట్టపెట్టెతోపాటు పారేయకుండా, రేషన్ కార్డు దాచినంత భద్రంగా దాచుకోండి.

విదేశాలనుంచి వచ్చిన యంత్రమైతే

మన పిల్లలు చాలామంది అమెరికాలో వున్నారు. వస్తూ వస్తూ ప్రేమగా కాఫీ యంత్రం తెస్తారు. దాన్ని పెట్టెలోంచి తీసిన ఉత్సాహంలో ప్లగ్గు పెట్టేయకండి. అడుగున అంటించిన కాగితం చదవండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. తిన్నగా పెడితే క్షణంలో మాడిపోతుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, అది 1500 వాట్ల హీటరును మోయగలిగేంత పెద్దదై వుండాలి. పైగా అక్కడ కరెంటు సెకనుకు 60 ఆవర్తనాలు, ఇక్కడ 50. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మార్చలేదు కనుక పంపు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఇన్ని తిప్పలు ఎందుకు, తెచ్చేముందే పిల్లలకు ఒక మాట చెప్పండి.

ఎక్కడ ఆగాలి?

ఇన్ని చెప్పాను గదా అని స్క్రూడ్రైవరు పట్టుకుని పైతొడుగు విప్పకండి. లోపల 230 వోల్టుల కరెంటు, నీళ్ళు పక్కపక్కనే వుంటాయి. అది మన పని కాదు. అడుగునుంచి నీళ్ళు కారుతున్నా, కాలిన వాసన వచ్చినా, ఫ్యూజు ఎగిరినా, ముట్టుకుంటే జిల్లుమన్నా వెంటనే స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయించి మెకానిక్‌ను పిలవండి. టాంకు నిండి, గాలి పోయి, సున్నం వదిలి, అయినా పంపు ఎండు చప్పుడే చేస్తుంటే అప్పుడు పంపు పోయిందన్న మాట నమ్మవచ్చు. మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు "పాడైంది" అని ఒక్క ముక్క చెప్పకండి. "చప్పుడు వస్తోంది, పాడ్ లేకుండా కూడా నీళ్ళు రావడం లేదు, సున్నం వదిలించాను" అని చెప్పండి. చూడకుండానే పంపు మార్చాలనే మనిషి కూడా కొంచెం ఆలోచిస్తాడు.

రానివ్వకుండా వుండాలంటే

టాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడపకండి. రోజూ పాతనీళ్ళు పారబోసి కొత్తనీళ్ళు పోయండి. ఆఖరి కాఫీ అయ్యాక పాడ్ లేకుండా అర కప్పు నీళ్ళు తిప్పితే మడ్డి కొట్టుకుపోతుంది. వాడిన పాడ్‌ను రాత్రంతా లోపల వదిలేయకండి. నీళ్ళను బట్టి మూడు నెలలకో, ఆరు నెలలకో ఒకసారి సున్నం వదిలించండి. ఊరికి వెళ్ళేటప్పుడు పుస్తకంలో చెప్పిన పద్ధతిలో నీళ్ళు ఖాళీ చేయండి. తిరిగి వచ్చాక టాంకు కడిగి, నింపి, ముందు ఉత్త నీళ్ళు తిప్పి, అప్పుడే పాడ్ వేయండి.

మా యంత్రం నుంచి ధార వచ్చిన రోజున మొదటి కప్పు కాఫీ మా పనిచేసే ఆమెకే ఇచ్చాను. "నువ్వు ముట్టుకోలేదన్నది నిజమే. తప్పు నాది. ఊరికే నిన్ను అన్నాను" అన్నాను. ఆ మాట అనడానికి నాకు సిరంజి పట్టుకోవడం కన్నా ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది సుమండీ. ఆమె కాఫీ తాగి, "చేదున్నదమ్మా, చక్కెర జర ఎక్కువెయ్యాలె" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

పండక్కి మా అమ్మాయి వచ్చింది. కాఫీ తీసుకుంటూ "బాగా పనిచేస్తోందా అమ్మా?" అని అడిగింది. జరిగినదంతా చెప్పాను. "నాకు ఫోను చేస్తే కొత్తది పంపేదాన్నిగా" అంది. కొత్తది కొనడం ఎవరైనా చేస్తారు. ఇంట్లో ఒక వస్తువు మొరాయిస్తే, ఎవరు పాడుచేశారని అడిగేముందు, ఎందుకు పాడైందని అడగడం మనం అలవాటు చేసుకోవాలి. డబ్బు మిగులుతుంది, మనుషులూ మిగులుతారు.